గోరంత సున్నం

కాకసస్ కొండల్లో, స్వానేతిలో,
నడుం వంచితే తప్ప లోపలికి రానివ్వని చర్చి.
తాళంచెవి బాబుత్సా దగ్గరుంటుంది.
మగవాళ్లంతా యుద్ధానికి పోయిన ఏడు
ఆ ఇంటి ఆడవాళ్ల కొంగుకి చేరింది,
మళ్లీ వెనక్కి పోలేదు.

నేను త్బిలిసి నుంచి వచ్చాను,
ఒక పెట్టెడు దూదితో, మూడు సీసాల ద్రావకంతో,
గోడ మీద ఎనిమిది వందల ఏళ్ల కొవ్వొత్తి మసి కడగడానికి.

ఉత్తరపు గోడ మీద తోట.
వారం తుడిచాక చెట్టు వచ్చింది,
చెట్టుని చుట్టుకున్నది వచ్చింది,
తర్వాత ఆ ఇద్దరూ,
స్నానం మధ్యలో ఎవరో తలుపు తీసినట్టు.
అతని వేలు ఆమె వైపు. ఆమె ఎడమచేతి వేలు పాము వైపు.
పాముకు వేళ్లు లేవు, పాపం.

ఆమె కుడిచెయ్యి చాపి ఉంది.
అందులో పండు లేదు.
పండు ఉండాల్సిన చోట కోడిగుడ్డంత గుంట,
అడుగున రాయి.

"ఇక్కడ ఏం గీశాడు? యాపిలా, అత్తిపండా?"
రంగు కలుపుకోవాలి కదా, అడిగాను.
బాబుత్సా కొవ్వొత్తి వత్తి సరిచేసింది.
చాలాసేపు ఆ వత్తినే సరిచేసింది.

"దానిమ్మ," అంది.
"నేను తినేశాను."

ఆ చలికాలం మంచు గుమ్మం దాటి లేచిందట.
ఆవు పోయింది. బార్లీ అడుగంటింది.
ఏడేళ్ల పిల్లకి ఊరు మొత్తంలో
ఎర్రగా కనిపించింది అదొక్కటే.
మేకు దొరికింది.

"తీపేం లేదు. సున్నం, పళ్ల కింద ఇసుక.
అయినా, చెప్పకూడదు గానీ,
మింగుతున్నంతసేపూ బావుంది.

తాత అడిగాడు, ఎవరే?
నా పెదాలకి ఎరుపు అంటిందో లేదో నాకు తెలీదు.
చెయ్యి దానంతట అదే లేచింది.
తమ్ముడు బిముర్జా వైపు తిరిగింది.
ఐదేళ్లు వాడికి. కాదనలేదు.
నన్ను చూశాడు, అంతే.
చెప్పుల్లేకుండా మంచులో నిలబెట్టారు.

చావలేదులే, అలా చూడకు.
డెబ్భై దాటాడు. లారీ నడిపాడు. నలుగురు కూతుళ్లు.
ఈస్టరు ఎర్రగుడ్లలో మొదటిది
ప్రతి ఏడూ నా చేతిలోనే పెట్టేవాడు.
నేను తీసుకునేదాన్ని."

కాసేపాగి అంది:
"ఆకలి సంగతి దేవుడికి తెలుసు.
ఈ వేలు సంగతే.
దీన్నెవరూ నాకు నేర్పలేదు.
ఏడేళ్లకే ఎక్కణ్ణించి వచ్చింది?
వారసత్వం అంటాడు మా జోసిమే గురువు,
ఆ ఇద్దరి దగ్గర్నించి చేతులు మారుతూ
ఈ తాళంచెవి లాగే.
కావచ్చు.
కానీ తాళంచెవి ఇస్తే తీసుకున్నాను.
ఇది పుట్టినప్పటి నుంచే నా కొంగున ఉంది."

నేను వినడం మానేసి చాలాసేపయింది.

నిన్న పొద్దున
అతని మొహం మీద ద్రావకం ఒక్క చుక్క ఎక్కువైంది.
ఎడమ కన్ను ఊడి దూదిలోకి వచ్చింది.
అంతమంది రాజుల్నీ, మంచునీ చూసిన కన్ను
గోధుమరంగు మరకయ్యి.
దూది జేబులో పెట్టుకున్నాను.
రాత్రి నివేదికలో రాశాను:
ఎడమ కన్ను, తేమ వల్ల నష్టం.
దస్తూరీ ఎక్కడా వణకలేదు.
తేమకి నోరు లేదు.
తేమని ఎవరూ మంచులో నిలబెట్టరు.

తిలా పాపం తలా పిడికెడంటారు.
పిడికెడు కూడా అక్కర్లేదు,
గోరంత సున్నం చాలు,
దూదిపింజంత తడి చాలు.

"ఆ గుంట పూడ్చకు," అంది.
"అది నాది. నేను పోయాక నీ ఇష్టం."
గుంట అంచులు మాత్రం రాలకుండా కట్టాను.

సాయంత్రం చల్లబడింది.
సీసాలు సర్దుకుంటున్నాను.
బాబుత్సా కొవ్వొత్తి ఎత్తి
గోడకి మొహం దగ్గరగా పెట్టింది.
పాత కళ్లు, అయినా వెతుకుతాయి.

"అమ్మాయ్," అని పిలిచింది,
"ఇతని కన్ను ఏమైంది?"

కుడిచెయ్యి జేబులోనే ఉంది.
దూది ఇంకా ఆరలేదు.
వేలు లేవకుండా
పిడికిలి బిగించి పట్టుకుని
నోరు తెరిచాను.